లోపాన్ని పీకేసే ముందు

వ్యక్తిత్వ వికాస శిక్షణ తరగతుల్లో చాలాచోట్ల మొదటి గంటలోనే ఒక తెల్లకాగితం చేతికిస్తారు. నడిమికి నిలువుగీత గీసి ఎడమ పక్క బలాలు, కుడి పక్క బలహీనతలు రాయమంటారు. ఎడమవైపువి పెంచుకోండి, కుడివైపువి వదిలించుకోండి అని చెప్పి పంపిస్తారు. ఆఫీసుల్లో ఏడాదికోసారి నింపించే సమీక్ష పత్రాలూ ఇదే పద్ధతిలో ఉంటాయి. ఈ అధ్యాయం ఆ నిలువుగీత గురించే. గీతకు అటూ ఇటూ రాసిన వాటిలో కొన్ని నిజానికి ఒకే గుణమని, అలాంటి చోట కుడి పక్కది పీకేస్తే ఎడమ పక్కది కూడా ఊడి వస్తుందని నా వాదన. దీన్ని మనిషి జీవితంలో రుజువు చేయడం కష్టం. మనిషి ఒక అలవాటు మానేసిన ఏడాదే ఉద్యోగం మారి ఉంటాడు, పెళ్ళయి ఉంటుంది, ఆరోగ్యం దెబ్బతిని ఉంటుంది. దేనివల్ల ఏం మారిందో తేల్చలేం. అందుకని ఏది తీశారో, ఏది మళ్ళీ పెట్టారో బయటికి కనిపించే ఒక వస్తువును సాక్ష్యంగా తీసుకుందాం. అది ఒక వీడియో గేమ్. ఇరవై ఏళ్ళుగా భాగాలు భాగాలుగా వస్తున్న జపాన్ హాస్యపు ఆట.

దాని పేరు డిస్గాయా. మొదటి భాగం ‘డిస్గాయా: అవర్ ఆఫ్ డార్క్‌నెస్’ 2003లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. గిఫు ప్రాంతంలోని నిప్పన్ ఇచి సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ దీన్ని తయారుచేసింది. స్ట్రాటజీ రోల్‌ప్లేయింగ్ గేమ్ అనే జాతికి చెందిన ఆట ఇది. నేల గళ్ళుగళ్ళుగా ఉంటుంది. మన వంతులో మన పాత్రలను కదిపి కొట్టాలి, తర్వాత ఎదుటివాళ్ళ వంతు. గెలిచేకొద్దీ పాత్రల లెవెల్ పెరుగుతుంది. కథ పాతాళంలో నడుస్తుంది. రాకుమారుడు లహార్ల్ రెండేళ్ళు నిద్రపోయి లేచేసరికి తండ్రి క్రిచెవ్‌స్కోయ్ చనిపోయి ఉంటాడు, సింహాసనం కోసం ప్రతివాడూ ఎగబడుతుంటాడు. అతని పక్కన ఉండే ఎట్నా సేవకురాలే కానీ మాటకు మాట అప్పగించే రకం. రాజును చంపిరమ్మని స్వర్గం నుంచి పంపిన దేవదూత ఫ్లోన్, ఆ రాజు ఎప్పుడో పోయాడని తెలిసి కూడా వెనక్కి వెళ్ళదు. ఈ రాక్షసుల్లో ప్రేమ అనేది ఉందో లేదో తేల్చుకుందామని అక్కడే ఉండిపోతుంది. పరలోకాన్ని నవ్వులాటగా చూడడం మనకు కొత్త కాదు. యమగోల, యమలీల చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వినవాళ్ళమే.

డిస్గాయాలో హాస్యం సంభాషణల్లో ఎంత ఉందో ఆట నియమాల్లోనూ అంతే ఉంది. నా దృష్టిలో దాని అసలు గొప్పతనం అదే. భూమ్మీద పాపాలు చేసిన మనుషుల ఆత్మలను పెంగ్విన్ బొమ్మల్లో పెట్టి కుట్టేసి కూలీలుగా వాడుకుంటారు. వాళ్ళను ప్రిన్నీలంటారు. జీతం అంతంతమాత్రం, చాకిరీ బండెడు. ఎవరైనా ఎత్తి విసిరితే నేలకు తగలగానే పేలిపోతారు. ఇది కథలోని ఛలోక్తి మాత్రమే కాదు, పోరులో మన చేతికిచ్చిన ఆయుధం కూడా. కొత్త పాత్ర కావాలన్నా, అంగట్లో మేలైన సరుకు రావాలన్నా డార్క్ అసెంబ్లీ అనే పాతాళ సభలో తీర్మానం పెట్టాలి. సభ్యులకు లంచాలివ్వచ్చు. ఓటింగులో ఓడిపోతే ఆ సభ్యులతోనే తలపడి, వాళ్ళను మట్టికరిపించి తీర్మానం నెగ్గించుకోవచ్చు. మన దగ్గరున్న ఏ కత్తిలోకైనా, చెప్పులజోడులోకైనా, చివరికి తినుబండారంలోకైనా దూరి పోరాడవచ్చు. ప్రతి వస్తువు లోపలా అంతస్తుల మీద అంతస్తులుగా ఒక లోకం ఉంటుంది. దాన్ని ఐటమ్ వరల్డ్ అంటారు. మామూలు వస్తువుకు 30 అంతస్తులు, అరుదైన దానికి 60, అతి అరుదైన దానికి 100. దిగేకొద్దీ ఆ వస్తువు బలం పెరుగుతుంది.

వీటన్నిటిలో కనిపించేది ఒకే స్వభావం. ఈ ఆటకు ‘చాలు’ అనడం చేతకాదు. ఏదైనా చేయవచ్చా అని ఆటగాడు అడిగితే, చేయి, ఇంకా చేయి అంటుంది. విసరడమే తీసుకోండి. పక్కనున్న పాత్రను ఎత్తుకోవచ్చు. ఆ ఎత్తుకున్న పాత్ర మళ్ళీ ఇంకొకరిని ఎత్తుకోవచ్చు. అలా ఒకరి నెత్తిన ఒకరుగా నిలువునా ఒక స్తంభం లేస్తుంది. అడుగున ఉన్నవాడు పైవాళ్ళను మొత్తంగా కొన్ని గళ్ళ దూరం విసురుతాడు. వాళ్ళు దిగిన చోటు నుంచి ఆ రెండోవాడు మిగిలినవాళ్ళను ఇంకాస్త ముందుకు విసురుతాడు. ఆ చివరివాడు దిగి, తన సొంత అడుగులు వేసి, దెబ్బ కూడా కొడతాడు. ఇదంతా ఒక్క వంతులోనే. ఐటమ్ వరల్డ్‌లో నేలకు ఆ చివర ఉన్న పాత్రను ఒక్క ఊపులో ఈ చివరకు చేర్చాలంటే ఎవరిని ముందు ఎత్తాలి, ఎవరిని చివరకు ఉంచాలి అని నిజంగా లెక్క వేసుకోవాలి. శత్రువులనూ ఎత్తి విసరవచ్చు. ఒక శత్రువును ఇంకో శత్రువు మీదికి విసిరితే ఇద్దరూ కలిసి ఒక్కడవుతారు, ఇద్దరి లెవెల్‌లూ కలుస్తాయి. కావాలని ఎదుటివాడిని బలవంతుణ్ణి చేసి, అతన్ని ఓడించి ఎక్కువ అనుభవం సంపాదించుకోవడం ఈ ఆటలో మామూలు ఎత్తుగడ. జియో ప్యానెళ్ళనే రంగు గళ్ళ సంగతీ అంతే. రంగు గళ్ళ మీద ఒక సింబల్ ఉంటే దాని గుణం ఆ రంగు గళ్ళన్నిటికీ వర్తిస్తుంది. వాటిమీద నిలబడ్డవాళ్ళకు దెబ్బ తగలకపోవచ్చు, శత్రువు బలం 50 శాతం పెరగవచ్చు, ఎవరినీ ఎత్తడానికి వీల్లేకపోవచ్చు. ఆ సింబల్‌ను పగలగొడితే గళ్ళ రంగు మారుతుంది, రంగు మారేటప్పుడు వాటిమీద ఉన్నవాళ్ళందరికీ దెబ్బ తగులుతుంది, అక్కడే ఇంకో సింబల్ ఉంటే అదీ పగులుతుంది, దాని రంగు మళ్ళీ పాకుతుంది. సరిగ్గా ఆలోచించి కొట్టిన ఒక్క దెబ్బతో నేలంతా రంగులు మారుతూ పోరు సగం ముగిసిపోతుంది. నవ్వూ, వ్యూహమూ ఒకే చోటు నుంచి పుట్టడం వీడియో గేముల్లో అరుదు. ఇక్కడ పుట్టాయి.

ఇక కుడి పక్క రాయాల్సింది చూద్దాం. ఇలాంటి ఆటల్లో లెవెల్‌కు గరిష్ఠ పరిమితి సాధారణంగా 99 ఉంటుంది. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌లోనూ అంతే. డిస్గాయాలో 9999. అక్కడికి చేరాక కూడా ఆగనక్కర్లేదు. పాత్రను మళ్ళీ ఒకటో లెవెల్ నుంచి పుట్టించి, పూర్వజన్మ బలం కొంత కలుపుకుని, మొదటి నుంచి ఎక్కించవచ్చు. కథ చివరి పోరు గెలవడానికి 100వ లెవెల్ దగ్గర ఉంటే చాలు. మిగిలిన దాదాపు 9900 లెవెల్‌లు దేనికి? కథ అయిపోయాక తెరుచుకునే రహస్య స్థలాలకు, అక్కడ వేల లెవెల్‌తో కాచుకుని ఉండే శత్రువులకు. వాళ్ళను చేరాలంటే అనుకూలమైన ఒక స్థలం వెతుక్కుని, అదే పోరును అదే పద్ధతిలో పదులసార్లు, వందలసార్లు ఆడాలి. ఆటగాళ్ళు దీన్ని గ్రైండింగ్ అంటారు. అక్కడ కొత్త జోకు ఉండదు, కొత్త చిక్కు ఉండదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. లెవెల్ మరీ ఎక్కువైతే వ్యూహం అక్కర్లేకుండా పోతుంది. అంత ముచ్చటగా అమర్చిన జియో ప్యానెళ్ళను పట్టించుకోకుండా ఒక్క పాత్ర నేరుగా నడిచి వెళ్ళి అందరినీ కొట్టేయగలదు. ఆలోచింపజేయడానికి పుట్టిన ఆట ఆలోచన అవసరం లేని ఆటగా మారుతుంది. డిస్గాయా మీద ఎవరు ఫిర్యాదు చేసినా సాధారణంగా ఈ రెండింటిలో ఒకటి ఉంటుంది, ఆ రెండూ నిజమే.

కానీ ఆ విసుగు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. చెప్పులజోడులోకి కూడా దూరనిచ్చిన స్వభావమే 9999 దాకా ఎక్కనిచ్చింది. శత్రువుల లెవెల్‌లను కలపనిచ్చిన అదే స్వభావం అదే పోరును వందోసారి కూడా ఆడనిచ్చింది. ‘చాలు’ అనలేకపోవడం నవ్వు పుట్టించినప్పుడు ఎడమ పక్క రాసుకుంటున్నాం, ఆవులింత తెప్పించినప్పుడు కుడి పక్క రాసుకుంటున్నాం.

ఆటలో ఉన్న ప్రతి లోపమూ ఇలాంటిదేనని నేను అనడం లేదు. ఈ తేడా తెలియకపోతే నా వాదన సోమరుల చేతిలో సాకు అవుతుంది. మొదటి భాగంలో శత్రువును చంపిన పాత్రకే అనుభవం దక్కుతుంది. వైద్యం చేసే పాత్రలు పోరంతా తోటివాళ్ళను బతికించినా లెవెల్ పెరగక వెనకబడిపోతారు. ఇది ఏ గొప్పతనానికీ మరో ముఖం కాదు, ఉత్త పొరపాటు. తర్వాతి భాగాల్లో సరిదిద్దారు, ఆట ఏమీ కోల్పోలేదు. ఎత్తుపల్లాల నేల మీద ఒక దిమ్మె వెనక ఉన్న గడి కనిపించకపోవడమూ అలాంటిదే. ఎట్నా శరీరం మీద పదేపదే వేసే జోకులు కూడా నా లెక్కలో అంతే. వాటిని తీసేస్తే హాస్యంలో ఒక్క ఇటుక కూడా కదలదు, ఎందుకంటే ఈ ఆటలో హాస్యం నిలబడింది ప్రిన్నీల మీద, పాతాళ సభ మీద, తర్వాతి అధ్యాయం గురించి ఎట్నా చెప్పే పచ్చి అబద్ధాల ప్రకటనల మీద. కాబట్టి లోపాలు రెండు రకాలు. కొన్ని ఊరికే అంటుకున్నవి, దులిపేస్తే పోతాయి. కొన్ని బలంతో పాటే పుట్టినవి. రెండో రకాన్ని మొదటి రకం అనుకుని దులపబోతే ఏమవుతుందో ఇదే కంపెనీ 2021లో చేసి చూపించింది.

ఆ ఏడాది వచ్చిన ఆరో భాగం మంచి ఉద్దేశంతోనే మొదలైంది. గ్రైండింగ్ విసుగు అంటున్నారు కదా, ఆ విసుగును వేరుతో సహా తీసేద్దాం అనుకున్నారు. ఆటో బ్యాటిల్ పెట్టారు. పాత్రలు ఎప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకుంటే చాలు, వాటంతట అవే పోరాడతాయి. గెలిచిన పోరును మళ్ళీ మళ్ళీ వాటంతట అవే ఆడతాయి. వేగం ఎన్నో రెట్లు పెంచుకోవచ్చు. లెవెల్ పరిమితిని 9999 నుంచి 9,99,99,999కి పెంచారు, అంటే ఒక్కటి తక్కువ పది కోట్లు. దెబ్బల అంకెలు మొదటి నుంచే ఉబ్బిపోయాయి. ఒక్కో రకం ఆయుధానికి ఒక్కో ప్రత్యేక విద్య ఉండే పాత పద్ధతిని తీసేసి ఆటను తేలిక చేశారు. కథ కూడా దానికి తగ్గదే. జెడ్ అనే జాంబీ ఓడిపోయిన ప్రతిసారీ మళ్ళీ పుట్టి, ఇంకాస్త బలం తెచ్చుకుని, వినాశదేవుడిని ఎదుర్కోవడానికి తిరిగి వస్తుంటాడు. కాగితం మీద చూస్తే లోపం పోయింది. కానీ పాత అభిమానుల్లో చాలామంది దీన్ని ఇష్టపడలేదు. ఆట తనను తానే ఆడుకుంటుంటే మనం కూర్చుని చూడడమెందుకు అన్నారు. ఆ అసంతృప్తి సరైనదేనని నా అభిప్రాయం. చేత్తో విసిరి, లెక్క తప్పి, మళ్ళీ విసిరి సాధించిన పెద్ద అంకెలో ఒక గర్వం, ఒక నవ్వు ఉంటాయి. అడగకుండానే వచ్చిపడే కోట్లలో ఆ రెండూ ఉండవు. అంకె పెద్దదవడం కాదు ఇక్కడ నవ్వు పుట్టించేది. అంత అక్కర్లేని పనికి మనిషి అంత కష్టపడటం నవ్వు పుట్టిస్తుంది. కష్టం తీసేసరికి నవ్వూ పోయింది.

మొదటి భాగం మరో విషయంలో జాగ్రత్తగా ఉంది, అది పైకి కనబడదు. ఆ అతినంతా కథ గడప దాటాక పెట్టింది. కథ మాత్రమే కావాలనుకున్నవాడు 9999 అనే అంకెను చూడకుండానే ఆట ముగించి లేచిపోవచ్చు. కావాలనుకున్నవాడికే ఆ తలుపు. ఆరో భాగం ఆ గడపను చెరిపేసి అతిని నట్టింట్లోకి తెచ్చింది. విసుగు తగ్గిద్దామని చేసిన పని వల్ల, విసుగు జోలికి పోకుండా ఉండే హక్కు కూడా పోయింది.

రెండేళ్ళ తర్వాత, 2023లో ఏడో భాగం వచ్చింది. పరిమితిని తిరిగి 9999కి తెచ్చారు. ఆయుధ విద్యలు తిరిగి వచ్చాయి. ఆటో బ్యాటిల్‌ను మాత్రం తీసేయలేదు, దానికి ఒక ఇంధనం పెట్టారు. చేత్తో ఆడి గెలిస్తే ఆ ఇంధనం కొంత చేరుతుంది. చేరినంత మేరకే ఆటను దానంతట దాన్ని ఆడనివ్వవచ్చు. ఈ నియమం నాకు చాలా నచ్చింది, ఈ అధ్యాయంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి కూడా ఇదే. లోపాన్ని పీకేయలేదు, అలాగని తల నిమురుతూ కూర్చోనూ లేదు. దానికి కొలత పెట్టి, ఆ కొలతను బలంతో ముడివేశారు. ఎంత చేత్తో ఆడితే అంత విశ్రాంతి.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి ఒకరున్నారనుకోండి. పేజీ ఇస్తే గంటకు గానీ తిరిగి రాదు. ప్రతి పేరూ, ప్రతి తేదీ రెండోసారి చూస్తారు. సంపాదకుడి కాగితంలో ఎడమ పక్క ‘తప్పు పోనివ్వరు’ అని, కుడి పక్క ‘ఆలస్యం’ అని ఉంటుంది. ఆలస్యం మానేయమని గట్టిగా చెబితే ఆయన మానేస్తారు కూడా. మర్నాటి పేజీలో మృతుడి పేరు బదులు సంతాపం తెలిపినవారి పేరు అచ్చవుతుంది. కళాశాలలో పాఠ్యాంశం వదిలి పక్కదారులు పట్టే లెక్చరరు సంగతీ ఇదే. సిలబస్ పూర్తికాదని ఫిర్యాదు. ఆ పక్కదారులు మూసేస్తే సిలబస్ పూర్తవుతుంది, కానీ ఆ క్లాసుకే వచ్చి కూర్చునే పిల్లలు కొందరు ఇక రారు. ఇలాంటి చోట చేయాల్సిన మొదటి పని మీ లోపం మీకు బాగా పనికొచ్చిన రోజును గుర్తుచేసుకోవడం. అలాంటి రోజు ఒక్కటి కూడా గుర్తుకు రాకపోతే అది వైద్యపాత్రకు అనుభవం దక్కకపోవడం లాంటి ఉత్త పొరపాటే, నిశ్చింతగా సరిచేసుకోండి. గుర్తుకొస్తే, ఆ రోజు పనిచేసిన గుణం, మిగిలిన రోజుల్లో చిక్కులు తెస్తున్న గుణం ఒకటేనా అని చూడండి. ఒకటే అయితే దాన్ని చంపకండి, దానికొక గడప కట్టండి. ప్రూఫులు దిద్దే మనిషికి మొదటి పేజీ, సంతాపాలు, కోర్టు వార్తలు ఎంతసేపైనా చూసే స్వేచ్ఛ ఉండాలి. సినిమా పేజీకి పావుగంట మించకూడదు. అతి ఉండాల్సిన చోటు ఏదో ముందే నిర్ణయమైతే, మిగిలిన చోట్ల అది తనంతట తానే తగ్గుతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. అయితే నా కోపం నా నిజాయితీకి మరో ముఖం, దాన్ని అలాగే ఉంచుకుంటాను అని ఎవరైనా అంటే? ఇక్కడ ఇంకో ప్రశ్న వేయాలి. ఆ లోపానికి ధర ఎవరు చెల్లిస్తున్నారు? డిస్గాయాలో గ్రైండింగ్ విసుగును భరించేది దాన్ని ఎంచుకున్న ఆటగాడే, అందుకే దాన్ని ఉంచవచ్చు. ఇంట్లో ఒకరి నోటి దురుసుకు ధర చెల్లించేది ఎదురు మాట్లాడలేని భార్యో, పిల్లలో, కింది ఉద్యోగో అయితే, అది ఎంత గొప్ప గుణంతో కలిసి పుట్టినదైనా ఉంచుకునే హక్కు మీకు లేదు. శరీరాల మీద జోకులను నేను ఉత్త పొరపాటు లెక్కలో వేయడానికి రెండో కారణం కూడా ఇదే. నిజాయితీకి కోపం తోడు రావచ్చు, కానీ అరవకుండా నిజం చెప్పడం నేర్చుకున్నవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. విడదీయడానికి వీలున్నదాన్ని విడదీయలేనిదని చెప్పుకోవడం ఆత్మవంచన.

అతి సర్వత్ర వర్జయేత్ అని పెద్దలన్నారు, దాన్ని కాదంటున్నారా అని రెండో అభ్యంతరం. కాదనడం లేదు. ఆ మాట ప్రతిచోటా అని చెబుతోంది, నేనూ అతి అన్ని చోట్లా పనికిరాదనే అంటున్నాను. మొదటి భాగం అతిని ఒక తలుపు వెనక పెట్టింది, ఏడో భాగం కొలతలో పెట్టింది, ఆరో భాగం ప్రతిచోటా పెట్టింది. పెద్దల మాట ప్రకారం చూసినా తప్పిన భాగం ఏదో తెలుస్తూనే ఉంది. కానీ అతి అసలే లేని డిస్గాయాను ఊహించుకోండి. లెవెల్ 99 దగ్గర ఆగుతుంది, వస్తువుల్లోకి దూరనివ్వదు, ఒకరికి మించి ఎత్తనివ్వదు. అప్పుడది ఇలాంటి మరో పది ఆటల మధ్య ఎవరికీ గుర్తుండని ఆట అవుతుంది. 2003 నాటి ఆట 2006లో పీఎస్పీకి, 2008లో నింటెండో డీఎస్‌కు, 2016లో కంప్యూటర్లకు, 2018లో కొత్త బొమ్మలతో స్విచ్‌కూ ప్లేస్టేషన్ 4కూ మళ్ళీ మళ్ళీ వచ్చిందంటే, దాన్ని జనం గుర్తుపెట్టుకున్నారనేగా. ఆ మార్పుల్లో బొమ్మలు మెరుగయ్యాయి, కొత్త కథలు చేరాయి, 9999 మాత్రం ఎక్కడికీ పోలేదు.

మూడో అభ్యంతరం బలమైనది. ఉద్యోగం, పిల్లలు ఉన్న మనిషికి వందసార్లు ఆడే తీరిక ఎక్కడిది, అతనికి ఆరో భాగమే మేలు కదా? మేలే కావచ్చు. ఆటో బ్యాటిల్ వల్లే ఈ ఆటలోకి రాగలిగినవాళ్ళు ఉంటారు, వాళ్ళ సంతోషం తక్కువదేమీ కాదు. అందుకే ఏడో భాగం దాన్ని తీసేయకుండా ఉంచడం వివేకం అంటున్నాను. నా మాట ఇంతే. సదుపాయం చేరినప్పుడు దానితో పాటు ఏం పోతోందో చూసుకోవాలి. పోయేది అక్కర్లేనిదైతే సరే. ఆ ఆట ఆడటానికి మీకున్న కారణమే పోతుంటే, సదుపాయం వల్ల మిగిలిన సమయంతో మీరు చేసేదేమిటి?

అసలు ఆటకూ జీవితానికీ పోలికేమిటి, ఆటలో కష్టపడితే అంకె కచ్చితంగా పెరుగుతుంది, జీవితంలో పెరుగుతుందా అని అడిగేవాళ్ళతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చేసే పెద్ద తప్పు ఈ హామీ ఇవ్వడమే. ప్రిన్నీ అయినా పట్టుదలగా ఆడిస్తే 9999కి చేరుతుంది, కానీ పట్టుదల ఉన్న ప్రతి అభ్యర్థీ గ్రూప్-1 అధికారి కాడు. ఆట నుంచి ఆ హామీని అరువు తెచ్చుకోకండి. పైగా అంకె పెరగడం మనిషి పెరగడం కాదన్న సంగతిని ఆటే చూపించింది. లెవెల్ మరీ ఎక్కువైన ఆటగాడు జియో ప్యానెళ్ళను చదవడం మరిచిపోతాడు. పదేళ్ళ అనుభవం అని చెప్పుకునే వాళ్ళలో ఒక ఏడాది పనినే పదిసార్లు చేసినవాళ్ళు ఉంటారు. నేను ఆట నుంచి తెచ్చుకుంటున్నది బలమూ లోపమూ ఎలా అల్లుకుని ఉంటాయో చూసే చూపు ఒక్కటే.

ఆ అల్లిక ఆట కథలోనూ ఉంది, దీన్ని రాసినవాళ్ళకు ఆ సంగతి తెలుసని నేను నమ్మడానికి అదే కారణం. లహార్ల్‌కు ప్రేమ, దయ, స్నేహం అన్న మాటలు చెవిన పడితే ఒళ్ళు జలదరిస్తుంది, నీరసపడిపోతాడు. మొదట్లో అది నవ్వుకోవడానికి పెట్టిన బలహీనతలా ఉంటుంది. కథ ముందుకెళ్ళాక అసలు సంగతి బయటపడుతుంది. అతని తల్లి మనిషి. చిన్నప్పుడు లహార్ల్‌కు ప్రాణం మీదికి వస్తే, తన ప్రాణం ఇచ్చి కొడుకును బతికించుకుంది. ప్రేమ అంటే అతనికి పడకపోవడానికి కారణం ప్రేమ తెలియకపోవడం కాదు, దాని ధర ఎంతో తెలిసి ఉండటం. ఫ్లోన్ అతనికి ఆ అసహ్యాన్ని మాన్పించాలని చూడదు. ఆ అసహ్యం అడుగున ఏముందో కనిపెట్టి, దాన్ని నమ్ముతుంది. మనవాళ్ళలో ఒక్కరిని కూడా మన చేత్తో చంపకుండా చివరిదాకా వచ్చినవాళ్ళకే ఈ ఆట తన మంచి ముగింపు చూపిస్తుంది. ఆ షరతు ముందే చెప్పకపోవడం ఆటగాడికి చేసిన అన్యాయమే, కానీ ఆ షరతు పెట్టినందుకు మాత్రం నేను వంక పెట్టను.

ఇప్పటికే ఏదో ఒక లోపాన్ని పీకేసి, దానితో పాటు మంచిదేదో పోయిందని అనుమానపడుతున్నవాళ్ళు ఈ అధ్యాయం చదువుతూ ఉండవచ్చు. ఎక్కువ మాట్లాడతావని పదిమంది అంటే మాట్లాడటమే మానేసినవాళ్ళు ఉంటారు, ప్రతిదానికీ ప్రశ్నలు వేస్తావంటే అడగడమే ఆపేసినవాళ్ళు ఉంటారు. తిరిగి తెచ్చుకోవచ్చు. ఏడో భాగం తీసేసినవాటిని తిరిగి తెచ్చుకుంది, ఆరో భాగంలో నేర్చుకున్నదాన్నీ వదులుకోలేదు. ఒకేసారి పాత మనిషిగా మారిపోనక్కర్లేదు. ఆ లెక్చరరు వచ్చే వారం నుంచి నలభై నిమిషాలు పాఠం చెప్పి, మిగిలిన పది నిమిషాలు ఎక్కడికి వెళ్ళాలనిపిస్తే అక్కడికి వెళ్ళవచ్చు. పాఠం ఆ రోజుకు పూర్తికాకపోతే ఆ పది నిమిషాలూ పాఠానికే పోతాయని పిల్లలకు ముందే చెప్పవచ్చు. ఒక నెల అలా నడిపి, సిలబస్ ఎంతవరకు వచ్చిందో, వెనక బెంచీలో కూర్చున్నవాళ్ళు ఎంతమంది ప్రశ్నలడిగారో రెండూ ఒకే కాగితం మీద, నడుమ గీత లేకుండా రాసుకోవాలి.